మలయా వెళ్ళి ఇద్దరు పిల్లల్ని తెచ్చుకున్నాం

మేం మలయా నుంచి తిరిగొచ్చి మూడు నెలలు కావస్తోంది. ఇప్పటికీ భోగాపురం సంతకి వెళ్తే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "టీచరమ్మా, అక్కడ ఏటి తిన్నారు?" సముద్రం ఎలా ఉంది, మనుషులు ఎలా ఉన్నారు అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది కనక ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఆ దేశం పేరు మలేషియాగా మారి ఐదేళ్లైనా మావాళ్లకి అది మలయానే. నేనూ అలాగే రాస్తాను.

నేను ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మని. మా ఆయన అప్పలనాయుడు రైతు. కొంచెం వరి, కొంచెం గోగు, ఇసక నేలలో ముప్ఫై కొబ్బరి చెట్లు. పెళ్లై పన్నెండేళ్లైనా మాకు పిల్లల్లేరు.

మా ఆయన పెదనాన్న ముప్ఫై ఏళ్ల కిందట మలయా కొబ్బరి తోటల్లో పనికి వెళ్తూ, తల్లి లేని కొడుకు సింహాచలాన్ని వెంట తీసుకెళ్లాడు. అప్పుడు సింహాచలానికి పదేళ్లు. అప్పటిదాకా వాణ్ణి పెంచింది మా అత్తగారే. అక్కడే పెరిగి, అక్కడే పెళ్లి చేసుకుని, ఏడాదికో ఉత్తరం రాసేవాడు. కిందటి శీతాకాలంలో అతని బదులు తోటలోని తెలుగు బడి మాస్టారు రాశారు. సింహాచలం జ్వరంతో పోయాడు, భార్య మహలక్ష్మి అంతకు రెండేళ్ల ముందే పోయింది, ఇద్దరు పిల్లలున్నారు, ఆడపిల్లకి తొమ్మిదేళ్లు, మగపిల్లాడికి ఐదు.

మా అత్తగారు రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు లేచి, "ఎల్లి తెచ్చీండి. మీ పిల్లలనుకోండి," అంది. మేమూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నామని ఆవిడకి తెలుసు. కాగితాలకి ఎన్ని నెలలు పట్టిందో, ఎవరెవరికి దణ్ణాలు పెట్టామో రాయను. వేసవి సెలవులివ్వగానే మద్రాసు మెయిలెక్కాం.

నీళ్ల మీద

మద్రాసులో ఎక్కిన ఓడలో మాది డెక్కు ప్రయాణం. అంటే పైన గుడారం గుడ్డ, కింద చాప, చుట్టూ మనలాంటివాళ్లే రెండు మూడు వందల మంది. విశాఖపట్నం దాటి ఎరగని మా ఆయన మొదటి పూట ఓడంతా తిరిగొచ్చి, "మన వూరి కంటే పెద్దదే ఇది," అని తేల్చాడు. రెండో పూట నుంచి ఆయనకి ఊరూ లేదు, ఓడా లేదు. కడుపు పట్టుకుని పడుకున్నాడు.

మూడో రోజు ఓడ ఒక్క ఊపు ఊగేసరికి మా కొత్త ఆవకాయ జాడీ దొర్లుకుంటూ పోయి, పక్క చాప మీది అరవ పెద్దాయన పడక దగ్గర పగిలింది. నూనె, కారం, ముక్కలు అన్నీ ఆయన తెల్లటి దుప్పటి మీదే. నేను చేతులు జోడించాను. ఆయన దుప్పటికేసి చూశాడు, నాకేసి చూశాడు, వేలు పెట్టి నాకి అరవంలో ఏదో గట్టిగా అన్నాడు. తిట్టాడనుకున్నాను. "బాగుందంటున్నాడు" అని వెనక నుంచి ఎవరో చెప్పారు. ఆయన భార్య జాడీ పెంకులేవీ తగలకుండా పై ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తింది. మిగిలిన నాలుగు రోజులూ వాళ్ల పులిహోర మాకు, మా ఆవకాయ వాళ్లకు. వాళ్ల పులిహోరలో ఇంగువ మనకంటే ఎక్కువ.

ఎందుకు వెళ్తున్నారని ఆవిడ అడిగింది. పిల్లల్ని తెచ్చుకోడానికని పొట్ట మీద చెయ్యేసి, రెండు వేళ్లు చూపించి, ఎత్తుకుంటున్నట్టు అభినయించాను. ఆవిడకేం అర్థమైందో గాని నా బొట్టు సరిచేసి బుగ్గలు నిమిరింది.

పినాంగ్

ఏడో రోజు పొద్దున్న పినాంగ్‌లో దిగాం. ముందు నాకు ఆశ్చర్యం కలిగించింది రోడ్ల శుభ్రం, తర్వాత కాఫీ. వాళ్లు "కోపి" అంటారు. గాజు గ్లాసులో అడుగున వేలెడు మందాన డబ్బా పాలు, పైన తారులాంటి డికాషను. కలుపుకుంటే జీళ్ల పాకంలా ఉంటుంది. పదిహేను సెంట్లు. వాళ్ల డాలరు మన రెండున్నర రూపాయలకి దగ్గర కనక లెక్క వేసుకుని, నేను రెండోది తాగలేదు. మా ఆయన మూడు తాగాడు.

అక్కడ వీధిలో ఎటు చూసినా చీనావాళ్లే. దుకాణాల్లో వాళ్లే, మూడు చక్రాల రిక్షాల మీద వాళ్లే. "అందరూ ఒక్క అచ్చులో పోసినట్టున్నారే! ఈల్లు ఒకల్నొకలు ఎలగ గురుతు పడతారో," అన్నాడు మా ఆయన.

"మనల్ని చూసి వాళ్లూ అదే అనుకుంటుంటారు," అన్నాను.

"మనకేటి, మీసాలున్నాయి గదా!"

పనసపండులా ఉంటుంది కొనమని ఎవరో చెప్తే ఆయన ఒక ముళ్లపండు కొని సత్రం గదికి తెచ్చాడు. దాని పేరు దురియన్. కోసిన ఐదు నిమిషాల్లో సత్రం యజమాని ముక్కు మూసుకుని పైకొచ్చి, పండుతో సహా మా ఇద్దర్నీ వీధిలోకి పంపాడు. అరుగు మీద కూచుని తిన్నాం. నన్నడిగితే రుచి మంచిదే. వాసన మాత్రం మర్నాడు రైల్లో కూడా మా వెంటే వచ్చింది. మా ఎదురు బెంచీ మీద ఎవరూ కూచోలేదు, హాయిగా కాళ్లు జాపుకున్నాం.

కొబ్బరి తోట

రైలు, బస్సు, చివర ఒక మోటారు పడవ. పేరాక్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉందా తోట. తోట అని నోటితో అనేస్తాం గాని, కన్ను ఆనినంత దూరం కొబ్బరే. చెట్ల వరసల మధ్య కాలవలు తవ్వి, దింపిన కాయల్ని ఆ నీళ్ల మీద తేలుస్తూ తోలుకుపోతారు, బాతుల మందని తోలినట్టు. మా ఆయనకి ఓడ ఎక్కిన తర్వాత మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. "ఒక్క కాయా మొయ్యక్కర్నేదు. నీలే మోస్తన్నాయి," అని పడవ అంచు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

రేవు దగ్గర పాతికమంది మనవాళ్లు నిలబడ్డారు. ముందు వరసలో ఒక పిల్లాడు. నల్లగా, గుండ్రంగా, అచ్చం మా ఆయన నుదురే. వాడి చెయ్యి పట్టుకుని పావడా జాకెట్టులో ఒక చీనా పిల్ల నిలబడింది.

మా ఆయన నా చెవిలో, "ఆ సీనా గుంటెవులు? మనోడి సెయ్యట్టుకున్నాది," అన్నాడు.

ఆ పిల్ల ఒక్క అడుగు ముందుకేసి, మా మొహాలు చూసి, గట్టిగా అరిచింది. "సిన్నాన్నా! ఆ పలక మీద అడుగెయ్యకండి, జారతాది. ఇటేపు రండి!"

మా ఆయన ఆశ్చర్యంలో ఆ పలక మీదే అడుగేశాడు. మోకాళ్ల దాకా బురదలో దిగాడు.

రాములు మాస్టారి ఇంట్లో

మాకు ఉత్తరం రాసింది రాములు మాస్టారే. ఆయన భార్య మా ఆయన పంచె ఉతికి ఆరేస్తుంటే, ఆయన మమ్మల్ని కూచోబెట్టి సంగతి చెప్పారు.

తొమ్మిదేళ్ల కిందట, తోట అవతల కూరలు పండించుకునే ఒక చీనా ఇంట్లో ఆరో ఆడపిల్ల పుట్టింది. వాళ్ల లెక్కల్లో మంచి రోజు కాదట. సింహాచలం, మహలక్ష్మి అప్పటికి ఎనిమిదేళ్లుగా బిడ్డ కోసం మొక్కని దేవుడు లేడు. పిల్లని ఇస్తారని తెలిసి మహలక్ష్మి నడిచి వెళ్లి, చీర కొంగులో చుట్టుకుని తెచ్చుకుంది. కన్నతల్లి రెండు నారింజపళ్లు చేతిలో పెట్టి సాగనంపిందట. గౌరి అని పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత పైడిరాజు కడుపున పుట్టాడు.

"ఇలగ ఇచ్చిన పిల్లలు ఇక్కడ తోటల్లో శానామంది ఉన్నారమ్మా. మాకేటీ వింత కాదు," అన్నారు మాస్టారు. "పుట్టుక కాగితంలో కూడా సింహాచలం పేరే ఉంది. మీకు ముందే రాద్దామనుకున్నాను. రాస్తే రారేమోనని బయమేసింది. మీరు పిల్లాడ్ని తీసుకెల్లండి. గౌరిని మేం ఉంచుకుంటాం. పని నేర్చిన పిల్ల, మా ఆవిడకి సాయంగా ఉంటాది."

ఇక్కడ నిజం రాయాలి. ఆ క్షణంలో నాకు మా ఊరి నూతి దగ్గర ఆడవాళ్ల మొహాలు కనిపించాయి, అత్తగారి మొహం కనిపించింది. చైనా యుద్ధం నాడు బళ్లో పిల్లల చేత నేనే పాడించిన పాటలు గుర్తొచ్చాయి. మాస్టారు చెప్పిందే అందరికీ మంచిదేమో అని కూడా అనుకున్నాను. అరగంట సేపు నేను అలాంటి మనిషినే.

గౌరి లోపలి నుంచి ఒక రేకు పెట్టె మోసుకొచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. అన్నీ పైడిరాజు బట్టలే. తన గుడ్డ ఒక్కటి లేదు.

"పిన్నీ, ఈడు వేడన్నం తినడు. ఊది పెట్టాల. ఉరుమొస్తే సెవులు మూసుకుని మంచం కిందకెల్లిపోతాడు, అప్పుడు అరవకండి. బెల్లం కావాలంటాడు, ఇవ్వొద్దు, పళ్లు పుచ్చిపోనాయి. పడుకునేటప్పుడు ఈపు గోకాల. ఎడంపక్క." పెట్టె మూత వేసింది. "నా కోసం అడిగితే, గౌరి ఎనకాల ఓడలో వస్తాదని సెప్పండి. కొన్నాల్లకి మరిసిపోతాడు."

ఏడవలేదు. సంతలో సరుకు అప్పగించే మనిషిలా అన్నీ చెప్పేసి నిలబడింది.

మా ఆయన లేచి కాలవ గట్టు వెంట నడిచి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, గౌరిని పిలిచి తన పక్కన కూచోబెట్టుకున్నాడు.

"మీ బాబు మా వూరి సంగతులు సెప్పీవోడా?"

"రోజూ సెప్పీవోడు. మన ఇంటికి రెండు గుమ్మాలు. ఈదిలో మూడు నూతులు, నడిమి నూతి నీలే తియ్యగుంటాయి. జీడితోట దాటితే ఏటిగట్టు, ఆ తర్వాత సముద్రం. మామ్మ కొడితే అట్లకాడతో కొడతాది, ఎనక్కి తిప్పి." ఊపిరి పీల్చుకుంది. "మరి మీరు సిన్నప్పుడు పొట్టేలు తరిమితే గోచీ వొదిలేసి పరిగెట్టీసినారంట గదా? రెల్లుగడ్డిలో దాంకుంటే, మా బాబే వొచ్చి తన తుండుగుడ్డ ఇచ్చినాడంట."

మాస్టారు దగ్గి, అటు తిరిగారు. పన్నెండేళ్ల కాపురంలో నాకు ఆ పొట్టేలు సంగతి తెలీదు.

మా ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వాడు. నవ్వుతూనే పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఒసే పంతులమ్మా, ఇన్నావా? నా గుట్టంతా దీని కాడుంది. దీన్నిక్కడ వొగ్గేసి ఎల్తే మలయా అంతా సెప్పీస్తాది. ఆ పెట్టెలో దీని బట్టలు కూడా సర్దు."

గౌరి కదల్లేదు. "మామ్మ ఊరుకుంటాదా?"

"ఊరుకోదు. అరుస్తాది. ముందు నన్ను అరుస్తాది, తర్వాత మీ పిన్నిని, తర్వాత నిన్ను. ముగ్గురం కలిసి తిట్లు తిందుం. ఏటి, రాలేవా?"

అప్పుడేడ్చింది. ఎంతలా అంటే పైడిరాజు పరిగెత్తుకొచ్చి మా ఆయన మోకాలి మీద రెండు దెబ్బలేశాడు, అక్కని కొట్టాడనుకుని.

బయలుదేరిన పొద్దు

తోటలో పది రోజులున్నాం. మర్యాదలకి లోటు లేదు. చేపల పులుసు మన పద్ధతే, కాని చింతపండుతో పాటు కొబ్బరిపాలు పోస్తారు. నాకు నచ్చింది, ఇంట్లో మొదలెట్టాను. దత్తత కాగితాలు అయ్యాక, పది మంది ముందు మాస్టారు దంపతులు పెద్దలుగా నిలబడి ఇద్దరు పిల్లల చేతులూ మా చేతుల్లో పెట్టారు.

పడవ రేవుకి ఒక చీనా ఆవిడ వచ్చింది. బురద కాళ్లు, వెదురు టోపీ. మాస్టారు నాకేసి చూసి తలూపారు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. గౌరి చేతిలో ఒక సంచి పెట్టి, పిల్ల భుజం మీద ఏదో దుమ్ము దులిపినట్టు దులిపి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. సంచిలో ముల్లంగి దుంపలు, పైన రెండు నారింజపళ్లు.

పడవ కదిలాక గౌరి అంది: "కూరలావిడ. నాకెప్పుడూ దుంపలు ఊరికినే ఇచ్చీది." నారింజపళ్లు రెండూ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆవిడెవరో తనకి తెలుసో తెలీదో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మద్రాసులో ఒక పూట

వచ్చేటప్పుడు సముద్రం రేగి ఉంది. పైడిరాజుకి ఒక్క వాంతి లేదు, వాడి చిన్నాన్నకి ఏడు రోజులూ అవే. గౌరి అల్లం ముక్క నమిలించి, తల పట్టుకుని, "ఏటి సిన్నాన్నా, గుంటడి కంటే గోరంగా ఉన్నారు," అని మందలించేది.

మద్రాసు రేవులో కాగితాలు చూసే కుర్రాఫీసరు మా ముగ్గుర్నీ దాటించి గౌరి దగ్గర ఆగాడు. కాగితంలో తండ్రి పేరు సింహాచలం. ఎదురుగా ఉన్న మొహం వేరు. చైనా యుద్ధం తర్వాత ఆ మొహానికి మన దేశంలో ఎలాంటి చూపులు పడుతున్నాయో చదివేవాళ్లకి తెలుసు. మర్యాదగానే మాట్లాడాడు, కాని బల్ల పక్కన కూచోమన్నాడు. రెండు గంటలైంది. అందరూ వెళ్లిపోయారు. మా పెట్టెలు మాత్రం మిగిలాయి. నేను దత్తత కాగితం నాలుగుసార్లు చూపించాను. మా ఆయన గొంతు పెంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పిల్లని వెనక్కి పంపిస్తారా అన్న మాట మా ఇద్దరి నోటి చివరా ఉంది, ఇద్దరం పైకి అనలేదు.

చివరికి పై అధికారి వచ్చారు. నెరిసిన జుట్టు, ముక్కు మీద అద్దాలు. కాగితాలన్నీ మెల్లిగా చదివి, పిల్లని తెలుగులో అడిగారు. "నీ పేరేమిటమ్మా? ఏ ఊరు?"

"గౌరండి. భోగాపురం."

"భోగాపురం ఎప్పుడైనా చూశావా?"

"నేదండి. ఎల్తన్నాం గదా. పొద్దుట్నుంచి కూకోబెట్టీసినారు మీరే. మా తమ్ముడికి ఆకలేస్తంది, ఆడికి ఊది పెట్టాల."

ఆయన అద్దాలు తీశారు. ఆ కుర్రాఫీసరుతో ఇంగ్లీషులో ఏదో అని, మా వైపు తిరిగి నవ్వారు. "మాది విజయనగరమే. ఈ మాట బళ్లో నేర్పితే వచ్చేది కాదండి. ఇంట్లో తిట్లు తిని నేర్చుకోవాలి." ముద్ర వేసిన చప్పుడు నాకు ఇంకా వినబడుతుంది.

భోగాపురం

మా అత్తగారు ముందు పైడిరాజుని ఎత్తుకుని, సింహాచలం పేరు పెట్టి శోకం తీసింది. తర్వాత గౌరిని చూసింది. మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. పిల్లకి కంచం పెట్టమని నాకు చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

రెండు నెలల పైనే అలాగే గడిచింది. ఆవిడ గౌరిని ఏమీ అనదు, పేరు పెట్టి పిలవదు. ఊరివాళ్లు చూడ్డానికి వచ్చేవారు, గౌరి నోరిప్పితే నోళ్లు తెరిచేవారు. పిల్లలు రెండు రోజులు "సీనా సీనా" అన్నారు. మూడో రోజు గౌరి వాళ్లకి బదులు చెప్పిన భాష నేను ఇక్కడ రాయలేను. ఇంట్లో మాత్రం గౌరి ఏం పెట్టినా తినేది, అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చేది, అడక్కుండా నీళ్లు తోడేది. ఎంత వద్దన్నా వినదు. తప్పు చేస్తే పంపేస్తారని భయపడే పిల్ల అలా ఉంటుంది. బళ్లో ఎంతమందిని చూశాను, నాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

కిందటి ఆదివారం వాన పట్టింది. నేను వంటింట్లో ఉన్నాను, మా ఆయన గొడుగు పట్టుకుని పొలానికి బయల్దేరుతున్నాడు. సావిట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"రాయే ఇలా. నెలయ్యింది ఆ నెత్తిన నూనెట్టి. నీకేటి, ఎవులూ నేరనుకున్నావా?"

తర్వాత దువ్వెన చప్పుడు. తర్వాత గొణుగుడు. "ఇదేం జుట్టే, పట్టులాగ జారిపోతంది! ఇలగ అల్లితే అలగ ఊడిపోతంది. కదలకు."

"అబ్బ! మామ్మా! నొప్పెడతంది! మెల్లిగా దువ్వలేవా?"

"నోర్ముయ్యే! మీ బాబుకి కూడా ఇలాగే దువ్వినాను, ఆడూ ఇలాగే అరిసీవోడు!"

"నాను దువ్వించుకోను! పో! నీకు దువ్వడం రాదు!"

మా ఇంట్లో ఆ పిల్ల గొంతెత్తడం అదే మొదటిసారి. మా ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. తిరిగి నాకేసి చూశాడు. ఇద్దరం కదలకుండా నిలబడి, లోపల వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే విన్నాం. కాసేపటికి ఆయన గొడుగు మూసి గోడకి ఆనించి, గుమ్మంలోనే కింద కూచుండిపోయాడు.